నాకు వచ్చిన వేవిళ్లు

దయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా చెబితే నేను ఏనాడూ నమ్మలేదు. మర్రిగూడ మండలంలో కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన వాణ్ని. అమావాస్య అర్ధరాత్రి శవాలను పూడ్చే బొందలగడ్డ పక్కనున్న స్తంభం మీద ఒక్కణ్నే కూర్చుని, బీడీ కాలుస్తూ తెగిన తీగ అతికించి దిగినవాణ్ని. ఏ దయ్యమూ వచ్చి నా కాలు పట్టి లాగలేదు. అలాంటి నాకు జరిగిన సంగతి ఇది.

ఉగాది దాటిన కొత్తలో ఒక పొద్దున మా ఇంటామె యాదమ్మ పప్పుకు తాలింపు పెట్టింది. ఆవాలు, ఎల్లిపాయ నూనెలో వేగిన ఆ వాసన వస్తే పెళ్లయిన నాటి నుంచీ నేను పిలవకుండానే పళ్లెం ముందు కూర్చునేవాణ్ని. ఆ రోజు అదే వాసనకు కడుపులో తిప్పింది. పెరట్లోకి పరుగెత్తి ఉన్నదంతా కక్కాను. ఎండదెబ్బ అనుకున్నాను.

తర్వాత గంజి వాసన పడలేదు. ఆపైన బీడీ కూడా పడలేదు. మీసం రాకముందే బీడీ మొదలుపెట్టిన నాకు అది వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది. కట్టలోవన్నీ పక్కింటాయనకు ఇచ్చేశాను. ఆయన నాకేదో పెద్ద రోగం వచ్చిందని భయపడ్డాడు.

కక్కడం ఒక ఎత్తు, తినాలనిపించినవి ఒక ఎత్తు. పచ్చి మామిడికాయ, చింతచిగురు పిడికిళ్లకొద్దీ. అది చాలక బలపాలు. పక్కింటి పిల్లలకని కిరాణా కొట్లో కొని, గొడ్ల కొట్టం వెనక నిలబడి నమిలాను. యాదమ్మ పట్టుకుంది.

"ఏందయ్యా, మూతి గంత తెల్లగున్నది? సున్నం నాకినవా?"

నోరు తెరిస్తే బలపం పొడి రాలింది. సంగతి వాడంతా పాకింది. ఎదురింటి లచ్చమ్మ నేను కనపడితే చాలు, "యాదక్కా, మా బావకు ఎన్నో నెలనే? గాజులెప్పుడు తొడుగుదాం?" అనేది.

మండలం దవాఖానలో రక్తం, మూత్రం చూశారు. కామెర్లు లేవు, షుగరు లేదు. గ్యాసు గోలీలిచ్చి పంపారు. అప్పట్లో నేను సగానికి సగం చిక్కిపోయానని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. నిజానికి బెల్టు ఒక్క రంధ్రం బిగిసింది, అంతే.

ఎలాగూ ఒప్పుకోవడం మొదలుపెట్టాను కాబట్టి ఇంకొకటి. ఆ బొందలగడ్డ స్తంభం ఎక్కింది అర్ధరాత్రి కాదు. ఇంకా పొద్దు గూకలేదు. కింద ఇద్దరు హెల్పర్లు ఉన్నారు. బీడీ మాత్రం నిజం. ఈ మాట దాచుకుంటే ముందు చెప్పబోయేది మీరు నమ్మరని చెబుతున్నాను.

మాకు ఒక్కతే బిడ్డ, స్వరూప. భువనగిరిలో ఇచ్చాం. కోట గుట్ట కనపడే వాడలో కిరాయికి ఉంటారు. అల్లుడు విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు. బిడ్డకు అప్పటికే రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ ఒకేలా జరిగింది. ఒక పొద్దున వేవిళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. హమ్మయ్య అనుకుని చూపించుకోవడానికి దవాఖానకు పోతే, మిషను పెట్టి చూసి గుండె కొట్టుకోవడం లేదన్నారు. ఆ తర్వాత ఆమె పిల్లల మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు.

మూడోసారి నెల తప్పినప్పుడు ఆమె మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మూడో నెల దాకా బయట చెప్పకపోవడం మా దగ్గర ఉన్నదే. ఈసారి కన్నతల్లికి కూడా చెప్పలేదు. దవాఖాన గడప తొక్కలేదు. పోతేనే కదా వాళ్లు లేదని చెప్పేది, అన్నది ఆమె లెక్క. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. నేను బలపాలు నమిలిన ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

ఒక రోజు లేచేసరికి నా కడుపు తేలికగా ఉంది. తాలింపు వాసన కమ్మగా తగిలింది. బీడీ అడిగి తెచ్చుకుని వెలిగిస్తే రుచిగా ఉంది. జొన్నరొట్టె పప్పుతో తిన్నాను. సంతోషపడాల్సింది. కానీ అరుగు మీద కూలబడ్డాను. దేనికి భయపడుతున్నానో నాకే తెలియదు.

అంతలో ఫోన్ మోగింది. బిడ్డ. ఏడుస్తూ అన్నీ చెప్పింది.

"నాయినా, పొద్దుగాల లేచిన సంది కక్కొస్తలేదు. గీసారి గూడ గట్లనే అయితాందే."

నేను, "ఫికర్ చేయకు బిడ్డా, నేనున్న గద. ఇప్పుడే బయల్దేరుతున్న" అన్నాను. యాదమ్మ మోకాళ్లు మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లకు ఎప్పుడో బిగుసుకుపోయాయి. బస్సు మెట్లు ఎక్కలేదు. అందుకని నేనొక్కణ్నే పోయాను.

దవాఖానకు పోదామని బిడ్డను ఎలా ఒప్పించాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తీరా పోయేసరికి ఆమె చీర మార్చుకుని గడపలో నిలబడి ఉంది. అల్లుడు సరుకు కోసం పట్నం పోయి వస్తున్నాడట. "ఆయన వచ్చేదాంక ఆగితే నాకు మల్ల ధైర్యం చాలదు. పా నాయినా" అంది. నేను చెయ్యి చాపాను. పట్టుకోలేదు. లేదన్న మాట రెండుసార్లు విన్న ఆ గదికి తన కాళ్ల మీద తాను నడిచి పోయింది. జీవితమంతా కరెంటుతో చెలగాటమాడాననుకునే నాకు, ధైర్యం అంటే ఏమిటో ఆ రోజు నా బిడ్డ వెనక నడుస్తుంటే తెలిసింది.

స్కానింగుకు కడుపు నిండా నీళ్లు తాగాలన్నారు. వరసలో కూర్చున్న ఆడపిల్లలందరి చేతుల్లో సీసాలే. పక్కన బుర్ఖాలో ఉన్న ఓ పడుచుపిల్ల, ఆమెకు మొదటి కాన్పేనట, స్వరూప మొహం చూసి అంది: "అక్కా, జర నవ్వు. నేనైతే నవ్వలేను, గిన్ని నీళ్లు తాగిన్నాయె, భయమైతాంది." స్వరూప పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

నర్సు బరువు, బీపీ చూసి, ఎన్నో కాన్పు అని అడిగింది.

"మూడోసారి నిలిచింది. రెండు పోయినయ్ మేడం. గిది ఉన్నదో లేదో చూసి చెప్పుర్రి" అంది నా బిడ్డ, మీటరు రీడింగు అడిగినంత తేటగా.

ఆమె లోపలికి పోయింది. తలుపు వేశారు. నేను బల్ల మీద కూర్చున్నాను. అటు పక్క ఎవరో టిఫిను మూత తీశారు. కోడిగుడ్డు వేపుడు. ఆ వాసన వచ్చి ముక్కుకు కొట్టగానే నా కడుపులో అదే పాత తిప్పుడు. బయటకు ఉరికి, గోడ పక్క మోరీ కాలువలో పొద్దున తిన్న రొట్టె అంతా కక్కేశాను.

"ఓ పెద్దమనిషీ, పట్టపగలే తాగొచ్చినవా?" అని దవాఖాన ఆయమ్మ కేకలేసింది.

"తాగలేదమ్మా! మల్ల వచ్చింది! మల్ల వచ్చింది!" అన్నాను. మూతి తుడుచుకోకుండా నవ్వుతున్నాను. ఆమె చీపురు చేతిలోకి తీసుకుంది.

తిరిగి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. స్వరూప కళ్ల నిండా నీళ్లు. నాకు భయం వేయలేదు.

"కొట్టుకుంటాంది నాయినా. ఉరుకుతున్న గొర్రెపిల్ల లెక్క."

గేటు దాటగానే మిర్చీ బండి నూనె వాసనకు ఆమెకూ వేవిళ్లు తిరగబెట్టాయి. నాకు ఎలాగూ ఉన్నాయి. ఇద్దరం ఒకే మోరీ మీద వంగాం. అల్లుడు అప్పుడే ఆటో దిగి, ముందు ఎవరి వీపు నిమరాలో తెలియక నిలబడిపోయాడు. అన్నట్టు ఆ రోజుల్లో అతనికి ఏ బాధా లేదు. కోడికూర సుబ్బరంగా తిన్నాడు.

మిషనుకు గుండె దొరికిన క్షణంలోనే నాకు కక్కు వచ్చిందని ఊళ్లో చెప్పుకుని తిరిగాను. అంత ఖచ్చితంగా నాకెలా తెలుస్తుంది? తలుపు మూసి ఉంది. కొంచెం ముందో, వెనకో. కానీ బిడ్డ బయటకు రాకముందే వచ్చింది. అది మాత్రం గట్టి.

తర్వాత డాక్టరమ్మకు చెబితే నవ్వి, మొగుళ్లకు ఇలా అయిందని విన్నాను గానీ తండ్రికి అయిందని వినలేదంది. ఐదో నెలలో ఇద్దరికీ వేవిళ్లు తగ్గిపోయాయి. మనవరాలు ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది. భువనగిరి నుంచి మర్రిగూడకు ఆ కబురు ఏ తీగ మీద వచ్చి నాకు చేరిందో, తీగలతోనే బతికిన నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఇదంతా రాసి యాదమ్మకు చదివి వినిపించాను. చింతపండు గింజ తీస్తూ మొత్తం విని, చెయ్యి దులుపుకుంది.

"అంత మంచిగనే రాసినవ్ గని, ఒక్క కాడ అబద్ధం రాసినవ్. ఆ దినం బిడ్డ ఫోన్ చేయలే. నువ్వే చేసినవ్. నేను పక్కనే ఉన్న. 'మూడోది గూడ పోయిందా బిడ్డా' అని చిన్న పోరని లెక్క ఎక్కెక్కి ఏడ్చినవ్. మూడోది ఉన్నదని అప్పటికి నీకు ఎవలు చెప్పిండ్రయ్యా?"