జంగారెడ్డిగూడెం రెడ్ బ్లెండ్

ఏలూరులో ఒక ఆదివారం చర్చికి చర్చి అంతా నాలుకలు చాపి నిలబడిందంటే నమ్ముతారా? ఆ ఘనకార్యం నాదే. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నా వంతు ఏడుపు అప్పుడే అయిపోయింది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న రోజులు. జంగారెడ్డిగూడెం నుంచి కొత్తగా కాపురానికి వచ్చాను. చర్చిలో ప్రభురాత్రి భోజనానికి అందరికీ పంచే ద్రాక్షారసం చేసే పని ఏళ్ళ తరబడి మా అత్తగారిదే. ఆ జూన్‌లో ఆవిడకు మోకాళ్ళ నొప్పులొచ్చి జాడీ నా చేతిలో పెట్టారు.

"జాగ్రత్తమ్మాయ్! చెయ్యి నీదైనా పరువు నాది," అన్నారు.

తీరా చూస్తే బజారులో దొరికిన నల్లద్రాక్ష సగం జాడీకే వచ్చింది. దిక్కులు చూస్తుంటే మావారు పేపర్లోంచి తల ఎత్తారు.

"విదేశాల్లో రెండు మూడు రకాలు కలిపితేనే గొప్ప రెడ్ వైనటోయ్. బ్లెండ్ అంటారట. పండిన ఊరి పేరే దానికి పెడతారట!"

ఇంకేం కావాలండీ? మా అమ్మ బస్సులో పంపిన నేరేడుపళ్ళ బుట్ట ఎదురుగానే ఉంది. అదీ నలుపే, ఇదీ నలుపే అనుకుని పిసికి కలిపేశాను. ఓ చుక్క నోట్లో వేసుకుంటే వగరుకి నోరు పిడచకట్టుకుపోయింది. వగరుకి విరుగుడు తీపేగా అని డబ్బాలో పంచదారంతా బోర్లించాను. అత్తగారిని ఆశ్చర్యపరచాలని ఆవిడకు రుచైనా చూపించలేదు. చూశారా నా తెలివి!

ఆ ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి పెద్ద పాస్టరు అయ్యగారొచ్చారు. అందరూ భక్తిగా రసం పుచ్చుకున్నారు. కొయిర్ వాళ్ళు పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం సగంలోనే గొంతులు పట్టేసి, ఒక్కొక్కరే దగ్గు లంకించుకున్నారు. అయ్యగారు దీవెన చెప్పడానికి నోరు తెరిచారో లేదో, ముందు వరసలో ఓ పిల్ల కెవ్వుమంది.

"అమ్మా! అయ్యగారి నాలుక వంకాయ రంగు!"

"నోర్ముయ్!" అంది వాళ్ళమ్మ. ఆవిడదీ వంకాయే. ఇక చూడాలి, ఎవరికి వాళ్ళు నాలుక చాపి పక్కవాళ్ళను అడగడమే.

ఆరాధన అయ్యాక అయ్యగారు అడిగారు. "రసం ఎవరు చేశారండీ?"

"మా కోడలండీ," అన్నారు అత్తగారు రెప్పైనా వెయ్యకుండా. "మెట్ట ఊళ్ళ పిల్ల. ఏం తెలీదండీ."

సిగ్గుతో చచ్చిపోయాను. పుట్టింటికి బస్సు ఎన్నింటికా అని కూడా ఆలోచించాను.

"ఏం కలిపావమ్మా?"

"నేరేడుపళ్ళండీ."

అయ్యగారి మొహం వెలిగిపోయింది. "నేరేడే! నాకు షుగరమ్మా. దానికి నేరేడుని మించిన మందు లేదంటారు. జాడీలో ఏమైనా మిగిలిందా?"

అంతే! షుగరున్న పెద్దలంతా జాడీ చుట్టూ మూగారు. "నాకో గ్లాసండీ!" "ఏవండీ, ఇటో చుక్క!"

అత్తగారు పైట సర్దుకున్నారు. "దగ్గరుండి నేనే చేయించానండీ. మా ఇంటి పద్ధతి!"

అయ్యగారు గ్లాసు పెదాల దాకా తెచ్చారు. నోరు మూసుకుంటే అత్తగారి పరువూ నా కాపురమూ నిలుస్తాయి. మరి ఆయన ప్రాణం? నావల్ల కాలేదు.

"ఆగండయ్యగారూ! అందులో పంచదార... డబ్బాడు పడిందండీ!"

గ్లాసులన్నీ గాల్లోనే ఆగిపోయాయి. అందరూ అత్తగారి వైపు తిరిగారు.

"పంచదార మాత్రం కోడలే వేసిందండీ!" అన్నారావిడ.

కాబట్టి సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ రెండు రకాల పళ్ళు కలపను. ఒకవేళ కలిపినా, పంచదార డబ్బా అత్తగారి చేతికిచ్చి, నలుగురూ చూస్తుండగా ఆవిడతోనే వేయిస్తాను.