గేర్ల వెనక తెల్ల పళ్లెం

నా చిన్నప్పుడు నేను ఆడిన అబద్ధాలు చాలానే ఉండి ఉంటాయి. వాటిలో మొదటినుంచి చివరిదాకా గుర్తున్నది ఒక్కటే. అది నేను ఏడో తరగతిలో ఉండగా ఇస్నాపూర్‌లో, ఒక సైకిల్ విషయంలో ఆడింది.

మాది కృష్ణా జిల్లా. నాన్నకు ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో, నేను పుట్టకముందే మావాళ్లు ఈ వైపు వచ్చేశారు. ఇస్నాపూర్ నుంచి చిట్కుల్ వెళ్లే దారిలో వరసగా కట్టిన కిరాయి ఇళ్లలో ఒకటి మాది. పక్కవాటాలో కొండాపూర్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. రేకును ప్రెస్సులో గుద్ది డబ్బాల మూతలు చేసే చిన్న ఫ్యాక్టరీలో ఆయన పని. అమ్మ ఆయన్ని అన్నయ్యగారు అనేది. నేను మాత్రం అక్కడి పిల్లలందరిలాగే కాకా అని పిలిచేదాన్ని. ఆయన కుడిచేతికి చిటికెనవేలు, ఉంగరపువేలు లేవు. మిషన్‌లో పోయాయని అందరికీ తెలుసు. ఎలా పోయాయని అడిగినవాళ్లు లేరు.

ఆ ఏడాది మా అన్నయ్య ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్‌కు వెళ్లాడు. వాడి గేర్ల సైకిల్ నాకు వచ్చింది. అప్పట్లో గేర్ల సైకిల్ అంటే మా వీధిలో వింతే. వెనక చక్రానికి చిన్నదీ పెద్దదీగా ఐదు పళ్లచక్రాలు, వాటికీ చక్రం పుల్లలకూ మధ్య ఒక తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం. అది ఎండకు పసుపుపచ్చగా మారిపోయింది. అంచు పగిలి, తొక్కుతుంటే టకటకమని చప్పుడు చేసేది. స్కూల్లో ఒక పిల్లాడు దాన్ని చూసి, చిన్నపిల్లల సైకిల్‌కే అలాంటివి ఉంటాయని నవ్వాడు. దాంతో నాకు ఆ పళ్లెం మీద కసి పుట్టింది.

చైన్ సరిగా నడవడం లేదని నాన్న సైకిల్‌ను చౌరస్తాలోని దుకాణంలో ఇచ్చి బాగు చేయించారు. ఆ దుకాణం ఆయన్ని అందరం చాచా అనేవాళ్లం. పళ్లెం తీసేయమని నేను చాచాను అడిగాను. అవసరం ఉండబట్టే పెట్టారు, ఉండనీ అని ఆయన నా మాట కొట్టేశాడు. మర్నాడు మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుండగా నాన్న కటింగ్ ప్లయర్ తీసుకుని, ఇంటి వెనక కూర్చుని ఆ పళ్లేన్ని ముక్కలు ముక్కలుగా విరిచేశాను. గేర్ల కింద ఇరుక్కున్న లోపలి చుట్టు మాత్రం రాలేదు. ముక్కలన్నీ మాకూ కాకా వాళ్లకూ మధ్య ఉన్న గోరింట పొదలో పారేశాను. సైకిల్ నిజంగానే చప్పుడు లేకుండా నడిచింది. ఆ సాయంత్రం నేను ఎంత సంతోషంగా తొక్కానో ఇప్పటికీ గుర్తే.

రెండు రోజుల తర్వాత వెనకింటి పిల్లను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని స్కూలుకు బయలుదేరాను. పెద్దరోడ్డు ఎక్కే చోట చిన్న ఎత్తు ఉండేది. బరువుగా ఉందని గేరు మార్చాను. చైన్ పెద్ద పళ్లచక్రాన్ని దాటి అవతలికి, పుల్లల్లోకి పడిపోయింది. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. ఒక ట్యాంకర్ గట్టిగా హారన్ కొడుతూ మా పక్కనుంచే పోయింది. నాకు మోచెయ్యి గీసుకుపోయిందంతే. ఆ పిల్లకు గడ్డం చీలి ఐదు కుట్లు పడ్డాయి.

సైకిల్‌ను చూసి నాన్న మొదట అడిగిన మాట, ఇక్కడి ప్లాస్టిక్ ఏమైందని. నా నోట్లోంచి జవాబు అప్పటికప్పుడే వచ్చేసింది.

"చాచా తీసేశాడు నాన్నా."

నాన్న ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు చౌరస్తాలో పదిమంది ముందు చాచాను నానా మాటలూ అన్నారు. తను తీయలేదని చాచా చెప్తూనే ఉన్నాడట. అవతల ఒక పిల్లకు కుట్లు పడి ఉంటే ఆయన మాట ఎవరు వింటారు? వారం తిరగకుండానే మా వీధి వాళ్లంతా సైకిళ్లను పటాన్‌చెరు వైపు దుకాణాలకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. స్కూలుకు వెళ్తూ వస్తూ నేను చాచా దుకాణం ఎదుట తల తిప్పుకుని నడిచేదాన్ని. ఆయన ముందు ఒక్క సైకిల్ కూడా బోర్లించి ఉండేది కాదు.

ఒక ఆదివారం కాకా వాకిట్లో మంచానికి నవారు అల్లుతూ, ఇంకో కొస పట్టుకోమని నన్ను పిలిచాడు. మూడు వేళ్లతోనే నవారును లాగి బిగిస్తున్నాడు. సగం అల్లాక ఆగి, చొక్కా జేబులోంచి పసుపుపచ్చటి ప్లాస్టిక్ ముక్కలు రెండు తీసి మంచం పట్టె మీద పెట్టాడు. నా చేతిలోని నవారు జారిపోయింది.

ఆయన కోప్పడలేదు. కింద పడిన నవారు కొసను మళ్లీ నా చేతికిచ్చాడు. తన వేళ్లు ఎలా పోయాయో ఎరుకేనా అని అడిగాడు. తెలియదన్నాను. పనిచేసుకుంటూనే, నా మొహం వైపు చూడకుండా చెప్పుకొచ్చాడు. ప్రెస్సు కింద చెయ్యి పడకుండా ముందు ఒక ఇనుప జాలీ ఉండేదట. ప్రతి మూతకూ దాన్ని ఎత్తి దించాలంటే పని నెమ్మదిస్తుంది. ఒక మధ్యాహ్నం ఆయనే పానా తెచ్చి ఆ జాలీ విప్పి పక్కన పడేశాడు. పది రోజులకు వేళ్లు పోయాయి. యజమాని ఆసుపత్రికి వచ్చి జాలీ ఎవరు తీశారని అడిగితే, తను డ్యూటీ ఎక్కేటప్పటికే అది లేదని చెప్పాడు. ముందు షిఫ్టులో పనిచేసే ఆయన నారాయణఖేడ్ వైపు మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. ఆయన్ని పనిలోంచి తీసేశారు.

"నేనే తీసిన అంటే నా నౌకరి పోతదని బుగులైంది బిడ్డా," అన్నాడు కాకా. "చేతికి కట్టు సూసి అందరు నన్నే నమ్మిన్రు. ఆయన ఎంత మొత్తుకున్నా ఇనలే."

ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాను.

"ఎరుక లేదు. రెండుసార్లు ఆళ్ల ఊరు పోయిన. ఇంటికి తాళమేసి ఉండె." నవారును ముడివేసి, అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. "నీ చాచా గట్ల కాదు. ఈడనే ఉన్నడు. నడిస్తే పావుగంట."

ప్లాస్టిక్ ముక్కల గురించి మా నాన్నకు తను చెప్పనని కూడా అన్నాడు. ఆ మాట నన్ను బెదిరింపు కన్నా ఎక్కువ భయపెట్టింది. ఆయన చెప్పేస్తే నా పని తీరిపోయేది. ఇప్పుడు చెప్పాల్సింది నేనే.

ఇంట్లో నాన్న పేపరు చదువుతున్నారు. ఆయన ఎదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టేసరికే ఏడుపొచ్చింది. నేను చెప్పిందంతా విన్నారు. కొడతారనుకున్నాను. ఆయన లేచి, కొక్కేనికి ఉన్న చొక్కా తొడుక్కుని, "సైకిల్ తీసుకుని పద," అన్నారు. తిరగని వెనక చక్రం నేలకు రాసుకుంటుంటే నేను సైకిల్‌ను సగం ఎత్తి పట్టుకుని నడిచాను.

చాచా ఒక ట్యూబును నీళ్ల టబ్బులో ముంచి బుడగలు చూస్తున్నాడు. నేనే విరగ్గొట్టానని, అబద్ధం చెప్పానని అన్నాను. నాన్న చేతులు జోడించి, పదిమందిలో అన్న మాటలకు అదే పదిమందిలో క్షమాపణ చెప్తానన్నారు. చాచా ట్యూబు తుడిచి పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఆయన అన్న మాట మేమిద్దరం ఊహించనిది.

"తీసింది నేను కాదు సాబ్. కానీ చైన్‌ను జరిపే గేరు కొక్కెం లోపలికి వంగింది ఆ దినమే సూసిన. ప్లాస్టిక్ అడ్డం ఉంది గదా, ఏం గాదులే అని ఇడిచిపెట్టిన. గది నా తప్పు."

అలా అని ఆయన నన్ను వదిలేయలేదు. చక్రం విప్పి, విరిగిన పుల్లలు తీసి కొత్తవి ఎక్కించేదాకా నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. గేర్ల గుత్తిని ఊడదీసి, లోపల ఇరుక్కున్న ప్లాస్టిక్ చుట్టును తీసి నా చేతిలో పెట్టాడు. వంగిన కొక్కేన్ని సరిచేశాడు. చైన్ అవతలికి పోకుండా ఆపే చిన్న స్క్రూ ఒకటి ఉందని చూపించి, దాన్ని నాతోనే తిప్పించాడు. సైకిల్‌ను బోర్లించి పెడల్ తిప్పుతూ గేరు పెద్దదానికి మార్చమన్నాడు. పదిసార్లు మార్చాను. పదిసార్లూ చైన్ పెద్ద పళ్లచక్రం మీదే నిలబడింది. ఇగ ఆ పళ్లెంతో పని లేదు, అవసరం తీరకముందే తీసినవ్, గంతే అన్నాడు.

నాన్న అన్న మాట నిలబెట్టుకుని చౌరస్తాలో క్షమాపణ అడిగారు, వీధిలో గడపగడపకూ వెళ్లి జరిగింది చెప్పారు. కొందరు మళ్లీ చాచా దగ్గరికి వెళ్లారు. కొందరు పటాన్‌చెరుకు అలవాటుపడి అక్కడికే పోయారు. అన్నీ మునుపటిలా కాలేదు. వెనకింటి పిల్ల నిజం తెలిసిన రెండు రోజుల్లోనే నాతో ఆడుకుంది. వాళ్లమ్మ మాత్రం నెలదాకా నన్ను గడప తొక్కనివ్వలేదు.

కాకా తర్వాత రెండేళ్లకు పని మానేసి తన పల్లెకు వెళ్లిపోయాడు. ఆ నారాయణఖేడ్ మనిషి కోసం మూడోసారి వెళ్లాడో లేదో నాకు తెలియదు. పన్నెండేళ్ల పిల్లకు అంత పెద్ద మాట చెప్పడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు పెద్దయ్యాకే అర్థమైంది. పెద్దవాళ్లు మాకు నీతులు చాలా చెప్పారు. నీతికి బదులు తన తప్పు చెప్పినవాడు ఆయనొక్కడే.

నాకిప్పుడు యాభై దాటాయి. సంగారెడ్డిలో ఆఫీసు ఉద్యోగం. కాగితాల్లో నా వల్ల పొరపాటు జరిగి ఇంకొకరు మాట పడాల్సి వచ్చినప్పుడు, ఎవరూ చూడలేదుగా అనే ఆలోచన ఇప్పటికీ ముందు వస్తుంది. అది వచ్చీ రాగానే లేచి నిలబడతాను. ఆ మనిషి బదిలీ అయ్యో, రిటైరయ్యో, తాళం వేసుకునో వెళ్లిపోకముందే, వాళ్ల బల్ల దాకా నడిచి వెళ్లి, అది నేనే చేశానని చెప్పి వస్తాను.