పదకొండు నిమిషాల మాట

మరమగ్గాల బస్తీ కనేరిలో, మా ఇంటి గోడ అవతలి సాంచెల కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ ఒకడు ఉండేవాడు. ఎవరు కొట్లాడినా "ఇద్దరిదీ సగం నిజమే" అనేవాడు.

నా మనవరాలి పదో తరగతి పరీక్షలప్పుడు సాంచెల మోత మీద గల్లీ వాట్సాప్ గ్రూపులో గొడవ రేగింది. "సాంచెలు బంద్ పెట్టుండ్రి" అని తల్లులు, "మరి మేమేం తినాలె?" అని కార్మికులు. మిస్త్రీ మా మెట్ల మీద కూర్చుని ఒంటి వేలితో పదకొండు నిమిషాలు టైపు చేశాడు. ఆలోపు నలభై మూడు తిట్లు పడ్డాయి, లెక్కపెట్టాను. "గోడ పక్క నాలుగు సాంచెలే, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఆపుదాం" అన్న అతని మాటను వెనకొచ్చిన తిట్లు క్షణంలో పైకి నెట్టేశాయి.

దాన్నే పెద్దక్షరాలతో కాగితం మీద రాసి కార్ఖానా తలుపుకు అంటించాను. పైకి నెట్టేయడానికి అక్కడ ఇంకో మెసేజ్ లేదు.

మర్నాడు రాత్రి సరిగ్గా ఏడింటికి మా గోడ వణకడం ఆగింది. "బాపమ్మా, కరెంట్ పోయిందా?" అంది మనవరాలు. లైటు వెలుగుతూనే ఉంది. గోడ అవతలి నుంచి మిస్త్రీ గొంతు మొదటిసారి వినబడింది: "సదువుకో బిడ్డా, రెండు గంటలున్నయ్."