బనగానపల్లె దారిలో షమీమ్ కోట

నిజం చెప్పాలంటే, ఈ ప్రయాణానికి కారణం అసూయ. ఎం.ఏ. చరిత్ర చదివేటప్పుడు నేనూ షమీమూ బనగానపల్లె దగ్గర పాడుబడ్డ చిన్న కోట ఒకటి చూశాం. "దీన్ని బాగుచేసి ఇక్కడే పాఠాలు చెబితే?" అన్నది నేను. ఆరేళ్ల క్రితం దాన్ని లీజుకు తీసుకుని శిక్షణ, సదస్సుల కేంద్రంగా మార్చింది తను. టీచర్లకు వారానికో పాఠం చెప్పమని ఈమధ్య ఫోన్ చేసింది. రానని ముఖం మీదే చెప్పాలనీ, పనిలో పనిగా లోపాలు వెతకాలనీ బయల్దేరాను.

ఆళ్లగడ్డలో ఏడింటికి పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి టికెట్టు సున్నా. నంద్యాలలో ఇడ్లీ తిని బస్సు మారి, బనగానపల్లెలో దిగేసరికి పది. అక్కడి నుంచి ఆటో ఎనభై రూపాయలు.

"షమీమక్క ఇస్కూలుకా?" అన్నాడు డ్రైవర్.

"కాదు, కోటకి."

"రెండూ ఒగటే గదక్కా. ఎక్కు!"

మామిడితోటలు దాటాక కోట కనబడింది. గోడలకు కొత్తగా సున్నపు గచ్చు, ఎక్కడా పగులు లేదు. తడిమి తడిమి చూస్తుంటే వంటామె మస్తానమ్మ పలకరించింది.

"ఏందమ్మా, వచ్చినకాడి నుంచి గోడలే తడుముతాండావ్? చెమ్మ కావాలంటే ఆ మూలన ఉండాది, పో."

నిజంగానే ఉంది. సంతోషంగా ఫొటో తీసుకున్నాను.

దర్బారు హాల్లో నలభైమంది టీచర్లకు షమీమ్ మైకు లేకుండా పాఠం చెబుతోంది. ఒక్కరూ ఫోన్ చూడటం లేదు. కడుపు మండింది. నన్ను చూసి ఆగి, "ఇక్కడ పాఠాలు చెప్పాలని మొదట అన్నది ఈమే. నేను విని ఊరుకోలేకపోయినాను, అంతే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఆలోచన కొట్టేసిందని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకున్నాను. ఇక ఏమని చెప్పుకోను?

భోజనం దగ్గర షమీమ్ జొన్నరొట్టె తుంచుతూ, "వస్తావా, రావా? బేగా చెప్పు" అంది.

"నీ అంత బాగా నాకు రాదే."

"నా అంత బాగా చెప్పమని ఎవురన్నారు? పోటీ ల్యాక నాకు బోరు కొడతాంది."

మూడింటి బస్సుకు తిరిగొచ్చాను. అసూయ తగ్గలేదు. నాకు కావలసింది పాఠం చెప్పడమా, ఆమె కంటే బాగా చెప్పడమా? ఇప్పటికీ తేల్చుకోలేదు. చెమ్మ ఫొటో కూడా ఫోన్‌లోంచి తీసేయలేదు.

వెళ్లేవాళ్లు శనివారం వెళ్లండి. కోటంతా తిప్పి చూపిస్తారు, భోజనం నూటయాభై. గురువారం మాత్రం వద్దు, దర్బారు హాలు తలుపులు మూసి ఉంటాయి. ఆ రోజు పాఠం నాది.