అరటి మొక్కలకు ట్యూబులైట్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. బోటనీలో ఎమ్మెస్సీ ఫస్టుక్లాసు, పైగా ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే కాదనగల నోరు. (ఆ నోరు మా నాయనమ్మదని మా అమ్మ, మా అమ్మదేనని మా నాయనమ్మ చాలాకాలం వాదించుకున్నారు.) రావులపాలెం దగ్గర ఒక పెద్ద రైతుగారు టిష్యూకల్చర్ ల్యాబు పెట్టారు. అంటే గాజుసీసాల్లో అరటి మొక్కలు పెంచే గది. అందులో నాకు ఉద్యోగమిచ్చి, "మొదటి విడత సీసాలు బతికితే నువ్వు పర్మనెంటు. పోయాయంటే మాత్రం ఈ గదిలో కొబ్బరికాయలు పోసుకుంటానమ్మా" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు.

ఎండ సోకని గది కనక వెలుతురంతా ట్యూబులైట్లదే. ఇనప ర్యాకులకు లైట్లు బిగించడానికి వచ్చినాయన అప్పటిదాకా కోళ్లఫారాలకే వైరింగు చేశారట. ఊరంతా కోళ్లబాబాయ్ అనేవారు. నేనూ బాబాయ్ అనే పిలిచాను, గౌరవం మాత్రం కొంచెం తగ్గించి.

"చోకులు గదిలో వద్దండి మేడంగారూ" అన్నారాయన, ట్యూబులైటుకి తోడుండే ఆ ఇనప ముద్దని చేత్తో తూచి చూపిస్తూ. "కుంపట్లలా కాలిపోతాయి. వైరు లాగి బయట వరండా గోడకి కొట్టేస్తాను. లైట్లు కూడా మూరెత్తున ఉంటే మంచిదండి."

"బాబాయ్, ఇది కోళ్లఫారం కాదు. వెలుతురెంత దగ్గరుంటే ఆకు అంత బాగా వంట చేసుకుంటుంది. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో చోకు గురించి ఉందాండి?"

లేదు. (ఆ మాట పైకి అనలేదనుకోండి.)

"అది కాదండి. వేడెక్కువైతే కోడిపిల్ల బల్బు కింద నుంచి అదే పక్కకి జరుగుద్ది. మీ మొక్కలెక్కడికి జరుగుతాయండి, కాళ్లా పాడా!"

మొక్కల సంగతి నాకు చెప్పొద్దన్నాను. లైట్లు సీసాల నెత్తిమీద జానెడెత్తున, చోకులు ర్యాకులకే బిగింపించాను. స్విచ్చు వేస్తే గది పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. గర్వంగా ఇంటికెళ్లి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

నాలుగోరోజు తలుపు తీసేసరికి సీసాలన్నీ ఇడ్లీపాత్ర మూతల్లా ఆవిరి పట్టి ఉన్నాయి. ఏసీ ఆయాసపడుతోంది. లోపల ఆకులు పసుపు తిరిగి వేలాడుతున్నాయి. రైతుగారు తిరుపతి వెళ్లారు, సోమవారానికి వస్తారు. కొబ్బరికాయల గుట్ట కళ్లముందు కదిలింది. సైకిలు తొక్కుకుంటూ బాబాయ్ ఇంటికి వెళ్లిపడ్డాను. ఆయన అన్నం తింటున్నారు.

"మీరు గట్టిగా చెప్పుండాల్సింది బాబాయ్!" అన్నాను, గుమ్మంలోంచే.

"గట్టిగా చెబితే వినేవారాండి?"

"వినేదాన్ని కాదు. అయినా చెప్పాలి కదా!"

ఆయన నన్నొకసారి చూసి, చెయ్యి కడుక్కుని, స్క్రూడ్రైవరు తీసుకున్నారు. సాయంత్రానికి చోకులన్నీ వరండా గోడకెక్కాయి, లైట్లు మూరెత్తుకు వెళ్లాయి. కొన్ని సీసాలు పోయాయి గానీ చాలావాటిలో రెండురోజులకే కొత్త ఆకు పచ్చగా విచ్చుకుంది.

సోమవారం రైతుగారు తిరుపతి గుండుతో వచ్చి, వరండాలో తుమ్మెదల్లా రొద పెడుతున్న చోకుల్లో ఒకదాన్ని ముట్టుకుని, చటుక్కున చెయ్యి లాక్కున్నారు.

"అమ్మో! ఇవి లోపలుంటే మొక్కలు ఉడికిపోయేవే. ఎవరిదమ్మా ఈ ఆలోచన?"

నేను నోరు తెరిచాను. అక్కడే నిచ్చెనెక్కి వైర్లు సర్దుతున్న బాబాయ్ అందుకున్నారు.

"మేడంగారిదేనండి. పట్టుబట్టి బయట కొట్టించారు."

"చదువంటే అదీ!" అన్నారు రైతుగారు. నా ఉద్యోగం పర్మనెంటైంది.

ఆకాశం నీలంగా ఉందన్నా కాదనే మనిషిని, ఆ ఒక్క మాటని మాత్రం కాదనలేదు. (తరవాతైనా చెప్పొచ్చుగా అంటారా? ఆర్డరు కాగితం చేతికొచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చాక, ఇప్పుడెందుకులే అనుకున్నాను.) బాబాయ్ కూడా మళ్లీ ఆ ఊసెత్తలేదు, నా వైపు చూసి కన్ను గీటనైనా లేదు. అప్పటినుంచి ఎన్నో వాదనలు గెలిచాను, సగం దేనిగురించో కూడా గుర్తులేదు. వరండాలో నోరు తెరిచి, మళ్లీ నెమ్మదిగా మూసుకున్న ఆ పిల్ల మాత్రం గుర్తుంది. చెవి మెలిపెడదామనుకుంటాను. తీరా దగ్గరికెళితే, పాపం, ఎంత భయపడిపోయిందో మొహం చూస్తేనే తెలిసిపోతుంది.