వెనకగదిలో జొన్నలు

కరోనా వచ్చిన మొదటి వేసవిలో ఒక పొద్దున బియ్యం డబ్బాలో గ్లాసు ముంచితే అడుగు గీసుకున్న చప్పుడొచ్చింది. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర పై అంతస్తులో అద్దెకుంటాం. కోటగిరిలో, మా పుట్టింట, బాపు పొలంలో వరి పండుతుంది, కానీ అక్కడి నుంచి బస్తా తెచ్చుకునే దారి లేదు. కిరాణా దుకాణం ముందు గంటల తరబడి నిలబడి తెచ్చుకున్నదానితో ఎలాగో గడిచింది. ఎవరం పస్తులుండలేదు. అయినా ఆ చప్పుడు నన్ను చాలాకాలం వదల్లేదు.

రోడ్లు తెరుచుకోగానే వెనకగదిని తిండిగింజలకు కేటాయించాను. మొదట ఆత్రంగా గోధుమపిండి, రవ్వ తెచ్చిపెడితే వానలు పడేసరికి అన్నీ పురుగు పట్టాయి. పిండి చేసినవి నిలవవు, గింజలు నిలుస్తాయి అని అప్పుడు తెలిసొచ్చింది. ఆ తర్వాత బియ్యంలో ఎండిన వేపాకు కలిపాను. కందిపప్పును ఎండబోసి, ఆముదం రాసి, మూత గట్టిగా బిగించాను. చింతపండు గింజ తీసి ఉప్పుతో జాడీలో తొక్కిపెట్టాను. బోధన్ వైపు నుంచి బెల్లం, బాపు పంపిన జొన్నలు కూడా చేరాయి. పాతవి వండుకోవడం, కొత్తవి వెనక పెట్టడం. అంతే పద్ధతి.

ఈ పని మా అత్తమ్మకు నచ్చలేదు. మాతోనే ఉంటుంది, అన్ని పనుల్లో చెయ్యేస్తుంది, ఆ గదిలోకి మాత్రం అడుగుపెట్టేది కాదు. ఎందుకని అడిగితే ఒక్క మాటే అంది.

"లేని కీడును ఎందుకు పిలుస్తవ్ బిడ్డా?"

చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

మొన్నటి వానాకాలంలో ముసురు ఎంతకీ విడవలేదు. మా గల్లీలో మోకాళ్లదాకా నీళ్లు, కరెంటు లేదు, దుకాణాలు మూశారు. పని మీద బోధన్ పోయిన మా ఆయన అక్కడే చిక్కుకుపోయాడు. నాకు లోలోపల కాస్త గర్వంగానే ఉండింది. ఆ గర్వం గ్యాస్ అయిపోయేదాకే. బుక్ చేసిన సిలిండర్ రాలేదు. ఇంటినిండా తిండిగింజలు, ఉడికించే నిప్పు లేదు.

అప్పుడు అత్తమ్మ కింది ఇంటికి దిగింది. అక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకామె తన తల్లితో ఉంటుంది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు పలకరించుకోవడమే తప్ప మాకు పెద్దగా రాకపోకల్లేవు. వాళ్ల దగ్గర బొగ్గుల కుంపటి ఉంది, కానీ బియ్యం నిండుకున్నాయి. నీళ్లు ఇంట్లోకి వస్తాయేమోనని వాళ్లిద్దరినీ, కుంపటితో సహా అత్తమ్మ పైకి తీసుకొచ్చింది. ఆ తర్వాత, నేను చూస్తుండగానే, వెనకగదిలోకి నడిచి, బియ్యం డబ్బా వదిలేసి, జొన్నలు చాట నిండా తెచ్చుకుంది. కరెంటు లేక పిండి గిర్నీ నడవదు కాబట్టి రోట్లో పోసి తనే దంచింది. రొట్టెకు పనికొచ్చే పిండి కాలేదు గానీ సంకటిలాంటి గట్క వండుకునేంత నూక అయింది. పచ్చిపులుసుతో అందరం తిన్నాం.

గిన్నెలు కడుగుతుండగా, నేనేమీ అడగకుండానే చెప్పింది.

"నా చిన్నప్పుడు కరువొచ్చింది. మా ఇంట్ల నేల కింద పాతర నిండ జొన్నలుండె. పక్కింటి పిల్ల గిన్నె పట్టుకొని వస్తే మాయమ్మ లేవన్నది. నేను వాకిట్లనే నిలవడ్డ. నాకు తెల్సు ఉన్నయని."

అత్తమ్మ తల్లికీ పిల్లలున్నారు. ఆ పాతర ఎన్నాళ్లు వస్తుందో ఆమెకు తెలియదు. అది తప్పని కుంపటి పక్కన కడుపునిండా తిన్న నేను ఎట్లా అనగలను? డబ్బాలు నింపుతూ వచ్చిన ఇన్నాళ్లలో ఎవరైనా తలుపు తడితే ఏం చెప్తానని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆ ఆలోచనను ఇన్నేళ్లూ మోసింది అత్తమ్మ.

నీళ్లు తీశాక మా ఆయన బురద కాళ్లతో ఇల్లు చేరాడు. కింది ఇంటివాళ్లు దిగిపోయారు. ఇప్పుడు బొగ్గులు వాళ్ల మెట్ల కింద ఉంటాయి, గింజలు మా దగ్గర. కందిపప్పు ఎండబోసే రోజు ఆ నర్సు తల్లి కూడా డాబా మీదికి వస్తుంది. ఆమె, మా అత్తమ్మ చెరో చాట పట్టుకుని రాళ్లేరుతూ పొద్దు పోయేదాకా మాట్లాడుకుంటారు. ఎంత నిల్వ పెట్టాలన్నది ఇప్పుడు అత్తమ్మే చెప్తుంది. ఎప్పుడూ నేను అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువే చెప్తుంది.