చివర్లో ఆగిపోయే డీవీడీ

2012లో శ్రీకాకుళంలో నాకు వీడియో మిక్సింగ్ షాపు ఉండేది. పత్రికకు ఫొటోలు తీసే పని మానేశాక పెట్టుకున్నాను. పెళ్లి వీడియోలు డీవీడీల మీదికి బర్న్ చేయడం, అంటే ఎక్కించడం, ఆ బర్న్ ఎలా వచ్చిందో కంప్యూటర్లో పరీక్షించడం నా పని. డిస్కును చదివేటప్పుడు డ్రైవ్ ఎక్కడ తడబడుతుందో గ్రాఫ్ చూపిస్తుంది. ఆ తడబాట్లే ఎర్రర్స్.

శ్రీకూర్మం వైపు నుంచి నూకాలమ్మ వచ్చింది. చేపలమ్ముతుంది. ఆమె మేనల్లుడి పెళ్లి వీడియో నేనే తీశాను. ఆ తర్వాత ఆమె భర్త సముద్రంలో పోయాడు. అతను కదులుతూ కనిపించేది ఆ ఒక్క డిస్కులోనే, అదీ చివర, ఊరేగింపులో. నా దగ్గర కాపీ లేదు.

"ఆయనొచ్చే కాడికెల్లీసరికి ఆగిపోతన్నాది బాబూ," అంది.

డ్రైవ్ డిస్కును లోపలి నుంచి అంచుకు చదువుతుంది. చివరి దృశ్యాలు అంచున ఉంటాయి. గ్రాఫ్ సరిగ్గా అక్కడే నిటారుగా లేచింది. చూస్తే ఒక్క గీరా లేదు. తీసి మళ్లీ పెడితే బాగానే ఉంది. కాపీ చేయబోతే మళ్లీ తడబాటు. పాడైన డిస్కు ప్రతిసారీ అలాగే కనిపించాలి కదా. డ్రైవ్ మార్చినా అంతే. మిగతా డిస్కులన్నీ బాగున్నాయి.

"నీ మిషనుకే మతి సెడినాదేటి?" అంది.

ఇంకోసారి తీస్తుంటే బొటనవేలికి గరుకుగా తగిలింది. నడిమి చిల్లు పక్కన, డ్రైవ్ పట్టుకునే చోట, ఎండిపోయిన పసుపు కుంకుమ. ముందే చూశాను గానీ, పూజదేమోనని ముట్టుకోలేదు. అడిగితే, ఆయన ఫొటోకి పెట్టినట్టే దీనికీ పెడుతున్నానంది.

"మెరిసే కాడ ఏటీ తగలనీకని నువ్వే సెప్పినావు. అందుకే నడిమిన ఎట్టినాను."

ఆ ముద్ద వల్ల డిస్కు ఓ పక్కకు ఒరుగుతోంది. ఒరిగితే అంచు దగ్గరే తేడా ఎక్కువ. మధ్యలో ఒకసారి బాగా ఎలా చదివిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

తుడవాలన్నాను.

"ఆయన బొట్టు నన్ను తుడిచీమంటావేటి బాబూ?"

డిస్కు ఆమె చేతికిచ్చాను. ఆమె చాలాసేపు డిస్కును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కొంగు తడిపి తనే తుడిచింది. ఇకమీదట బొట్టు డిస్కు డబ్బా మీద పెడతానంది.

ఈసారి గ్రాఫ్ చివరిదాకా కిందనే సాగింది. కాపీలు తీసి, ఊరేగింపు వేసి చూపించాను. "సూడు, ఎలా గెంతుతన్నాడో," అని ఆమె నవ్వింది.

అప్పటిదాకా ఎవరు డిస్కు తెచ్చినా నేరుగా డ్రైవ్‌లో పెట్టేవాణ్ణి. ఆ తర్వాత కుర్చీ వేసి, దీన్ని ఇంట్లో ఎక్కడ ఉంచుతారని ముందు అడగడం మొదలుపెట్టాను.